ముప్పైరెండో కుప్ప

రాంజీ మాంసం మానేశాడని తెలిసిన రోజున తండాలో అందరికంటే గట్టిగా నవ్వింది అతని భార్య గోరీయే. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "పిల్లి నోము పట్టిందట, ఎలుకలాల బయటికి రాండ్రి" అని వాకిట్లోంచి కేక వేసింది. నవ్వక ఏం చేస్తుంది? గూడూరు చుట్టూ ఉన్న పది తండాల్లో మేకైనా గొర్రైనా యాటను ఒక్క వేటుకు దించే మనిషి ఎవరంటే రాంజీ పేరే చెప్పేవారు. అట్లా అని అతను కసాయి కాదు. అడవి అంచున మూడెకరాల చెలక ఉంది. పత్తి పెడతాడు, మక్క వేస్తాడు, వానలు ఎగ్గొట్టిన ఏడు ఖమ్మం వైపు మిర్చి ఏరడానికి పోతాడు. దేవరకు యాటను ఇవ్వాలంటే మాత్రం అతని చెయ్యే పడాలి.

ఎందుకంటే అతనికి తండ్రి నేర్పిన పద్ధతి ఒకటి ఉండేది. పొద్దున్నే కత్తి నూరి బొటనవేలి గోరు మీద ఆనించి చూసుకోవాలి. ఒక యాటను కోసేది ఇంకో యాట కంట పడకూడదు. పోతునే కోయాలి. దాని వీపు మీద పసుపునీళ్ళు పోసి అందరూ దూరం జరగాలి. అది తనంతట తాను ఒళ్ళు విదిలించి ఆ నీళ్ళు దులుపుకోవాలి. దాన్ని జడ్త ఇవ్వడం అంటారు. జడ్త ఇచ్చిందంటే దేవత ఒప్పుకున్నట్టు, యాటా ఒప్పుకున్నట్టు. ఇవ్వకపోతే మళ్ళీ పోయాలి, మళ్ళీ ఆగాలి. ఒక దసరాకు పొద్దున పోసిన నీళ్ళకు ఎండ నెత్తికెక్కేదాకా జడ్త రాలేదు. పిల్లలు ఆకలికి ఏడ్చారు, పెద్దలు గొణిగారు. రాంజీ కత్తి కింద పెట్టి కూర్చున్నాడే తప్ప యాట మీద చెయ్యి వేయలేదు. చివరికి దాన్ని విప్పి మందలోకి తోలేసి ఇంకో పోతును పట్టుకొచ్చారు.

కోసిన తర్వాత ఇంకో పద్ధతి. తండాలో ముప్పైరెండు ఇళ్ళు. మోదుగాకులు పరిచి మాంసాన్ని ముప్పైరెండు కుప్పలు పెడతారు. నాయకుడి ఇంటికెంతో, మొగుడు చచ్చిన ఆడమనిషి ఇంటికీ అంతే. కారిజం, అంటే కాలేయం, ఒక్క ముక్కే ఉంటే దాన్నీ ముప్పైరెండు చేస్తారు. కోసినవాడికని ఒక ముక్క ఎక్కువ లేదు. ఇంటి పెద్ద వచ్చి తన చేత్తో కుప్ప ఎత్తుకోవాలి. కుప్ప పడని ఇల్లు తండాలో లేనట్టే లెక్క. ఆ ఇంట్లో పెళ్ళయితే ఎవరూ రారు, పీనుగు లేస్తే మోయడానికి నలుగురు దొరకరు.

అట్లా ఏడాదికి నాలుగైదు సార్లు. శీత్లా పండుగ, దసరా, దివాళీ, ఒక పెళ్ళి, ఒక చావు. మిగతా రోజులన్నీ జొన్నరొట్టె, కారం, పప్పు. ఎవరూ దాన్ని తక్కువ తినడం అనలేదు. తినడం అంటే అంతే అనుకున్నారు.

తర్వాత ఉద్యమం వచ్చింది.

తెలంగాణ రావాలని రాంజీకీ ఉండింది. ఏ ఆఫీసుకు పోయినా అతని మాటకు రెండుసార్లు నవ్వేవాళ్ళు, ఒకసారి లంబాడీ యాసకు, ఒకసారి తెలంగాణ యాసకు. ఒక్క నవ్వయినా తగ్గుతుందని అతని ఆశ. అందుకే గూడూరు సురేందర్ జీపు వేసుకుని తండాకు వచ్చి, "రాంజన్నా, ఉద్యమానికి నీ చెయ్యి గావాలె" అంటే కత్తి చుట్టుకుని ఎక్కి కూర్చున్నాడు. సురేందర్‌కు గూడూరులో సిమెంటు దుకాణం, ఎవరి ముందు ఎప్పుడు నినాదం ఇవ్వాలో తెలిసిన గొంతు. ఎక్కడ సభ అయినా వంటల పెత్తనం అతనిదే.

జనగామలో నడిరోడ్డు మీద వంటావార్పు. హైదరాబాదు పోయే బండ్లన్నీ ఆగిపోయాయి. తారు మీదే రాళ్ళ పొయ్యిలు, డేగిసాలు, డప్పులు, పాటలు. పొద్దున పదింటికల్లా రాంజీ తొమ్మిది యాటలు కోశాడు. రెండోదానికే నీళ్ళు పోయడం మానేశాడు, ఆగే తీరిక ఎవరికీ లేదు. ఒకదాని నెత్తురులో ఇంకోదాన్ని నిలబెట్టి పట్టుకున్నారు. మధ్యాహ్నానికి రోడ్డు పొడుగునా సగం తిని పారేసిన ప్లేట్లు. మెత్తటి ముక్కలు తారుకు అతుక్కుని చెప్పుల కింద నలిగి జిగటైపోయాయి. కుక్కలు మెక్కి మెక్కి కక్కి, ఆ కక్కిందాని పక్కనే పడుకున్నాయి. ఈగలు ముసిరి ఎముక ఏదో బొగ్గు ఏదో తెలియలేదు.

రోడ్డు పక్కన రిలే నిరాహార దీక్ష టెంటు. అయిదింటికి ఎవరో వచ్చి నిమ్మరసం ఇచ్చారు, ఫోటో దిగారు. రసం గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే దీక్షలో కూర్చున్న పెద్దమనిషి టెంటు వెనక్కి వచ్చాడు.

"ఏం రాంజీ, కారిజం ఉంచినవా లేదా?"

"ఉన్నది సారు. మీరు ఉపాసం గద?"

"ఇడిచిన గదనే! ఉపాసం ఉన్నోనికే ఆకలి తెల్సేది."

రాంజీ నవ్వాడు. ఆ రోజు అందరూ నవ్వుతున్నారు, అతనూ నవ్వాడు. ఇంటికి పోయాక చేతులు మూడుసార్లు కడుక్కున్నా వాసన పోలేదు.

ఆ రెండేళ్ళలో అతను ఎన్ని కోశాడో అతనికే గుర్తులేదు. మానుకోట, తొర్రూరు, జనగామ. సభకు యాట, సభ విజయమైతే యాట, సభను పోలీసులు చెడగొడితే ఆ దుఃఖానికి యాట. ఉద్యమం పేరు చెప్పి తిన్నంత మాంసం ఆ నేల మీద అంతకుముందు ఎవరూ తిని ఉండరు. లాఠీలు తిన్నవాళ్ళు వేరు, మాంసం తిన్నవాళ్ళు వేరు అని రాంజీకి తెలుసు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. తనూ తిన్నాడు. రోజూ తింటే దేవర ముక్కకు ఉన్న రుచి పోయింది, పళ్ళ సందులో ఇరికిన పీచు మాత్రం మిగిలింది.

సకల జనుల సమ్మె వచ్చింది. భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికులు జీతాలు వదులుకుని కూర్చున్నారు. కాలనీల్లో పొయ్యిలు చల్లబడుతున్నాయి. వాళ్ళకు విందు పెడతానని ఎవరో కాంట్రాక్టరు పన్నెండు యాటలకు ఒప్పుకున్నాడు. అదే ఖర్చుకు బియ్యం పంపితే కాలనీ వారం రోజులు తినేది. కానీ బియ్యం బస్తాతో ఫోటో బాగా రాదు.

యాటల్ని కాటారం వైపు ఊళ్ళల్లో సురేందరే ఏరుకొచ్చాడు. పదకొండు అయ్యాయి. పన్నెండోదాన్ని చూసి రాంజీ కత్తి దించాడు.

"సురేందరన్నా, ఇది పెంటిది. పోతు గాదు."

"పోతైతేంది, పెంటిదైతేంది? కూరల పడ్డంక నువ్వు గుర్తువడ్తవా?"

"పెంటిదాన్ని నేనెన్నడు కొయ్యలే."

"దేవరకు గాదు గదనే, కడుపుకు. జల్ది కానియ్యి, జనం సూస్తున్నరు."

ఎందుకనో రాంజీకి ఆ రోజు నీళ్ళు పోయాలనిపించింది. చెంబెడు నీళ్ళు దాని వీపు మీద పోసి వెనక్కి జరిగాడు. మేక కదల్లేదు. నీళ్ళు కారి బొచ్చు కొసల నుంచి చుక్కలు పడుతున్నాయి. అది మెడ తిప్పి అతని వైపే చూసింది. ఇంకో చెంబు పోశాడు. అవతల పంక్తిలో కూర్చున్నవాళ్ళు ప్లేట్లు వాయిస్తున్నారు. సురేందర్ బూటు కాలు లేపి దాని వెనక తొడ మీద ఒక్కటి తన్నాడు. మేక తూలింది. నీళ్ళు చింది రాంజీ మొహం మీద పడ్డాయి.

"ఇచ్చింది జడ్త! కొట్టు!"

అది జడ్త కాదని రాంజీకి తెలుసు. కాలు విరిగేట్టు తన్నితే ఒళ్ళు కదలడానికీ, ఒళ్ళు విదిలించి ఒప్పుకోవడానికీ తేడా అతనికి కాక ఇంకెవరికి తెలుసు? కానీ చెయ్యి అప్పటికే పైకి లేచింది. లేచిన చెయ్యి దిగింది.

పొట్ట చీల్చితే రెండు పిల్లలు జారి పడ్డాయి. సూడి మేక అది. కడుపు మీద చెయ్యి పెట్టి చూడాలన్న ఆలోచన కూడా రాంజీకి రాలేదు. పుట్టి బుద్ధెరిగాక పోతుల్నే కోసినవాడికి ఆ అలవాటు ఎక్కడిది? తెల్లటి పొరలో చుట్టుకుని, కళ్ళు మూసుకుని, తడితడిగా, వేడివేడిగా ఉన్నాయి. ఒకదాని ముందుకాలు మడుచుకుంది. తర్వాత నెమ్మదిగా సాగింది. అంతే.

"పారెయ్యకు," అన్నాడు సురేందర్ వంగి చూసి. "మస్తు లేతగుంటయి. కాల్చి నా కోసం పక్కకు వెట్టు."

పక్కన ఇద్దరు పకపకా నవ్వారు. రాంజీ అక్కడే, మాంసం పరిచిన తాటాకుల పక్కనే, భళ్ళున వాంతి చేసుకున్నాడు. తిట్లు, తోపులాట, నీళ్ళు తెండ్రా అని కేకలు. అతను ఏదీ వినలేదు. పిల్లలు రెండింటినీ తన తువ్వాలలో చుట్టి, టెంటు వెనక మట్టిలో కత్తితోనే గుంత తవ్వాడు. ఎర్రమట్టి, కింద రాయి. కత్తి మొన విరిగింది. పూడ్చిపెట్టి ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాడు.

గోరీ నవ్వింది ఆ మర్నాడే. అతను జరిగింది చెప్పేసరికి నవ్వు ఆపి, రొట్టెలు చేస్తూ మాట్లాడింది.

"ఆ సురేందర్ గాని కూడు తినుడు మానెయ్యి. ఆని జీపు ఎక్కుడు మానెయ్యి. మాంసం ఏం చేసింది?"

"నాకు అసయ్యం వుడుతుంది గోరీ. ముక్కను సూస్తే ఆ కాలే కండ్లల్ల మెదుల్తుంది."

"అయితే జర తక్కువ తిను. ఎనకటి లెక్క. ఏడాదికి నాలుగుసార్లు."

"తక్కువ తింటే తక్కువ పాపమా? సగం యాటను ఎవలన్న కోస్తరా? సంపితే మొత్తం సంపుడే గద."

"సగం యాటను కొయ్యరు," అంది గోరీ రొట్టె తిరగేస్తూ. "గని పది యాటలకు బదులు ఒక్కదాన్ని కొయ్యొచ్చు. మిగిలిన తొమ్మిదింటిని అడుగు, తక్కువ తినుడంటే ఏందో అవి చెప్తయి."

రాంజీ మొండికేశాడు. "తెగేసి మానితేనే మానినట్టు. తక్కువ తినుడంటే దొంగ మాట. సురేందర్ గూడ రేపటి సంది తక్కువ తింటా అంటడు."

దివాళీ వచ్చింది. చచ్చిన పెద్దల పేరు మీద యాటను కోశారు. రాంజీ రానంటే ఆటో నడిపే జగన్ కోశాడు, ఎట్లాగో అయ్యిందనిపించాడు. ముప్పైరెండు కుప్పలు పెట్టారు. ముప్పైఒకటి లేచిపోయాయి. ఒకటి మోదుగాకు మీద అట్లాగే ఉంది. పొద్దు వాలుతుంటే ముక్కలు నల్లబడి, ఈగలు వాలి, ఒక చీమల బారు రాంజీ వాటాను మోసుకుపోవడం మొదలుపెట్టింది. చివరికి గోరీ వెళ్ళి కొంగు అడ్డం పెట్టుకుని ఎత్తుకొచ్చింది. ఇల్లంతా తలుపు వేసుకుని తిన్నది. రాంజీ బయట మంచంలో కూర్చుని ఆ వాసన ముక్కున పడకుండా బీడీ మీద బీడీ తాగాడు.

తండా నాయకుడు మంగ్యా అక్కడికే వచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, అరిచి మాట్లాడడు.

"బిడ్డా, ఆడిది వచ్చి కుప్ప ఎత్తుకున్నది. మొగోడు సచ్చిన ఇంట్లనే గట్ల జరిగేది. నువ్వు సచ్చినవా?"

"కాకా, నేను తినలేను. నా మీద జబర్దస్తి చెయ్యకుండ్రి."

"ఎవలు చేస్తున్నరు జబర్దస్తి? సేవాభాయాకు తియ్యటి నైవేద్యం వెడ్తం. యాడి తల్లికి యాటనిస్తం. మధ్యల తెర కడ్తం. ఒకరు తింటరు, ఒకరు తినరు. ఇద్దరు ఒక్క పందిట్లనే ఉంటున్నరా లేదా? నువ్వు ముద్ద తింటవా, మునివేళ్ళ తోని ముట్టి నీ పెండ్లానికిస్తవా, గది నీ ఇష్టం. గని కుప్ప నాది గాదు అంటే, తండా నాది గాదు అన్నట్టే."

"ముట్టుడు గూడ నాతోని గాదు."

మంగ్యా పోబోతూ ఆగాడు. "శీత్లా పండుగ దాక చూస్త. అప్పటికి నువ్వు రాకుంటే ముప్పైఒక్క కుప్పలే వెడ్తం. మల్ల నన్ను అనొద్దు. నీకు ఎదిగొచ్చిన కొడుకున్నడు, వానికి పిల్లనిచ్చేటోళ్ళు మొదలు అడిగేది నీ కుప్ప ఉందా లేదా అనే."

కొడుకు హరీశ్ మానుకోటలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. ఆ మాట రాంజీకి ముల్లులా దిగింది.

ఈ సంగతి గాలికి జనగామ దాకా పోయింది. సోమనర్సయ్య సారు గూడూరు హైస్కూల్లో పదేళ్ళు పాఠం చెప్పి, రిటైరై జనగామలో ఇల్లు కట్టుకున్నాడు. జీవదయ సంఘం ఒకటి నడుపుతాడు. తరతరాలుగా గుడ్డు కూడా ముట్టని ఇల్లు. పాత శిష్యుల నోట విని, సేవాలాల్ జయంతికి సభ పెట్టి రాంజీకి కబురు పంపాడు. రాంజీ సంతోషంగానే పోయాడు. నాలుగు నెలల్లో అతన్ని తిట్టకుండా పిలిచిన మొదటి మనిషి.

సభలో సారు అతన్ని వేదిక మీదికి పిలిచి, రెండు చేతులూ పైకెత్తి చూపించమన్నాడు.

"సూడుండ్రి ఈ చేతులు! ఎన్ని మూగజీవాల నెత్తురు అంటిన చేతులు! ఒక లంబాడీ, అడవిల పుట్టి నెత్తురు తాగి పెరిగిన జాతి మనిషి, ఆయననే మానేసిండంటే మీకేమైంది?"

చప్పట్లు. ఎవరో ఇత్తడి పళ్ళెం తెచ్చారు. సారు భార్య పసుపునీళ్ళు రాంజీ చేతుల మీద పోసింది. పోసేటప్పుడు తన వేళ్ళు అతని వేళ్ళకు తగలకుండా చెంబును బాగా పైకి లేపి పట్టుకుంది. అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు. పసుపునీళ్ళు మోచేతుల దాకా కారుతుంటే రాంజీకి తనే కట్టేసిన యాటలా అనిపించింది. ఒళ్ళు విదిలించి దులుపుకుందామా అనుకున్నాడు, దులుపుకుంటే ఒప్పుకున్నట్టవుతుందని అట్లాగే నిలబడ్డాడు.

సభ అయ్యాక సారు ఇంటికి తీసుకెళ్ళి పెరట్లో మంచం వేయించాడు. చిక్కటి చాయ ఇచ్చారు. రాంజీ రెండు గుటకలు తాగి తలెత్తాడు. కొట్టంలో మూడు బర్రెలు. ఒకదాని ముందు దూడ ఉంది. అది కదలడం లేదు. కాళ్ళ స్థానంలో కర్రలు, కుట్లు వేసిన పొట్ట, కుట్ల సందు నుంచి బయటికొచ్చిన వరిగడ్డి. బర్రె దాన్ని నాకుతోంది. నాకీ నాకీ తోలు మీద బొచ్చు ఊడిపోయి నున్నగా మెరుస్తోంది. జీతగాడు కింద కూర్చుని సర్రు సర్రున పాలు పిండుతున్నాడు.

"దూడ సచ్చిందా సారు?"

"సచ్చింది. తోల్ల గడ్డి కుక్కితే పాలు సేపుతది. తెలివిలేని జీవం గద, తన పిల్లనే అనుకుంటది."

"మిగిలిన రెంటి దూడలేవి?"

"రెండు దున్నదూడలే వుట్టినయి. ఉంచుకుని ఏం జేస్తం? తొర్రూరు సంతల ఎవనికో అమ్మినం."

"ఎవనికి సారు?"

సోమనర్సయ్య చాయ గ్లాసు వైపు చూసుకున్నాడు. "ఎవనికో... నాకెట్ల తెలుస్తది రాంజీ?"

పాలు మరవని దున్నదూడను సంతలో ఎవడు కొంటాడో, కొని ఎక్కడికి తోలుతాడో రాంజీకి తెలుసు. దూడను పెంచుకోవడానికి ఎవడూ కొనడు. నోట్లో ఉన్న గుటక మింగలేక, ఉమ్మలేక కొంతసేపు బుగ్గన పెట్టుకుని, గోడ చాటుకు పోయి ఊశాడు. తొర్రూరు మీదుగా వచ్చే బస్సులో దారంతా అతనికి ఒకే ఆలోచన. కోసేవాణ్ణి అందరూ చూస్తారు, నెత్తురు కనబడుతుంది కాబట్టి. అమ్మేవాడి చేతులకు పసుపునీళ్ళు కూడా అక్కర్లేదు. సురేందర్ మూతి తుడుచుకుంటే సారు చేతులు తుడుచుకుంటాడు. ఇద్దరి తుడుపూ ఒకటే. మరి తనదో? తను కూడా గోడ చాటుకు పోయి ఊసిందే కదా?

అయినా పంతం వదల్లేదు. వదిలితే తండా ముందు ఓడిపోయినట్టు, పట్టుకుంటే సారు వేదిక మీద బొమ్మయినట్టు. వేసవి అంతా రొట్టె, కారం తిని, ఎవరితోనూ మాట్లాడకుండా చెలకలో రాళ్ళు ఏరాడు. కొడుకు ఫోన్ చేసి, "బాపూ, ఒక్క ముక్క గదనే, ముట్టుకోరాదూ" అంటే పెట్టేశాడు.

శీత్లా పండుగ మంగళవారం వచ్చింది. గోరీ గుగ్గిళ్ళు ఉడకేసి నెత్తిన పెట్టుకుని పోతూ గుమ్మంలో ఆగింది.

"ఇయ్యాల ముప్పైఒకటే వెడ్తరు. నేను కొంగు అడ్డం వెట్టుకుని మల్లోసారి ఎత్తుకొస్త అనుకోకు. నాకూ సిగ్గుంటది."

ఆమె పోయాక రాంజీ వెళ్ళి దూరంగా నిలబడ్డాడు. పోతును నిలబెట్టారు, నీళ్ళు పోశారు. అది జడ్త ఇచ్చింది. జగన్ కత్తి ఎత్తాడు. అది అంతకుముందు రోజు మానుకోటలో కొన్న కొత్త కత్తి, బొటనవేలి మీద ఆనించి చూసినవాడు లేడు. మొదటి వేటు ఎముక మీద జారింది. రెండోది మెడ పక్కన సగం దిగి ఇరుక్కుంది. పట్టుకున్నవాళ్ళు భయపడి తాళ్ళు వదిలేశారు. పోతు మెడ ఒక పక్కకు వేలాడుతూ, కత్తి మెడలో ఊగుతూ, ఆడవాళ్ళ మధ్యలోకి ఉరికింది. గుగ్గిళ్ళ గంప తలకిందులైంది. గోరీ చీర నిండా నెత్తురు. అది అరుస్తోంది కానీ అరుపు నోట్లోంచి రావడం లేదు, మెడలోంచి గురగురమని వస్తోంది. జగన్ రాయిలా నిలబడిపోయాడు.

రాంజీ ఎప్పుడు ఉరికాడో అతనికే తెలియదు. పోతును మోకాళ్ళ మధ్య ఒడిసిపట్టి, కత్తి ఊడబీకి, ఒక్క వేటు. చేతుల కింద ఒళ్ళు వణికి వణికి ఆగేదాకా అతను దాన్ని వదల్లేదు.

తను మానేసిన తొమ్మిది నెలల్లో ఒక్క యాట ప్రాణమైనా మిగిలిందా అని అతనికి అప్పుడు తోచింది. తన చేతులు మాత్రమే మిగిలాయి. వాటి శుభ్రానికి ఈ పోతు మూడు వేట్లు తిన్నది.

పండుగ కూటికి పిలవకుండానే వచ్చిన సురేందర్ ముందుకొచ్చి భుజం తట్టబోయాడు. "అబ్బ, మల్ల చెయ్యి వడ్డది! రాంజన్నా, ఆదివారం జనగామల మీటింగు. పదిహేను యాటలు. జీపు పంపుత."

"పదిహేను ఎవలకు?"

"జనానికే."

"జనానికి పేర్లుంటయి సురేందరన్నా. నాకు ముప్పైరెండు ఇండ్ల పేర్లు తెల్సు. గంతకు మించి నాతోని గాదు. నువ్వు తన్నితే వచ్చేది జడ్త గాదు, నీ జబర్దస్తికి నేను తలూపితే అది గూడ జడ్త గాదు. పో."

"ఏందే, పొగరా?"

"పోతవా, పోవా?" అన్నాడు మంగ్యా వెనక నుంచి, గొంతు పెంచకుండానే. సురేందర్ జీపు దుమ్ము రేపుకుంటూ పోయింది.

ఆకులు పరిచారు. జగన్ తలెత్తకుండా ముక్కలు పెడుతున్నాడు. ముప్పైఒకటి అయ్యాయి. మంగ్యా ఇంకో మోదుగాకు చేతిలో పట్టుకుని రాంజీ వైపు చూశాడు.

చంపిందాన్ని తినకుండా వదిలేయడం రాంజీ రెండేళ్ళు రోడ్ల మీద చూశాడు. తారుకు అతుక్కున్న ముక్కల్ని చూశాడు. చంపి, నాకొద్దు అని చెయ్యి కడుక్కుంటే తనకూ వాళ్ళకూ తేడా ఏముంది? వద్దనేదుంటే కత్తి పట్టకముందే అనాలి. పట్టాడు.

"ఎయ్యి కాకా," అన్నాడు. "గని ఒక్క మాట. పండుగలకు, సావుకు, పెండ్లికి. గంతే. ఊకెనే ఆదివారం వచ్చిందని, చుట్టం వచ్చిండని, ఎవడో గెల్చిండని యాటను తెస్తే నా గడప తొక్కకుండ్రి. కొయ్య, తిన, ఎవల్ని గూడ కొయ్యనియ్య."

"కొయ్యనియ్యనంటే?" అని ఎవరో గుంపులోంచి అన్నారు. "నువ్వేమన్న కలెక్టరువా?"

కొందరు నవ్వారు. మంగ్యా నవ్వలేదు, ఒప్పుకున్నాననీ అనలేదు. ఆకు పరిచి కుప్ప వేశాడు. రాంజీ వంగి రెండు చేతులతో ఎత్తుకున్నాడు. ఇంకా వెచ్చగా ఉంది.

గోరీ కూర వండి పళ్ళెంలో నాలుగు ముక్కలు వేసి ముందు పెట్టింది. ఎదురుగా కూర్చుంది, ఏమంటాడోనని. రాంజీ ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. భూపాలపల్లి నాటి వాంతి గొంతులోకి ఎగదన్నుతుందని ఎదురుచూశాడు. కళ్ళు మూసుకుని నమిలాడు. ఎగదన్నలేదు. కారం సరిగ్గా పడింది, ముక్క మెత్తగా ఉడికింది, నాలుక కింద నీళ్ళూరాయి. రుచిగా ఉంది. ఇన్నాళ్ళలో చూసిన అన్నిటికంటే అదే అతనికి అసహ్యంగా తోచింది.